దిద్దుబాటు నేర్చిన బొమ్మలకథకుడు

తోలుబొమ్మలాట తెరముందు తెల్లవార్లు కూర్చుండినవారికి బొమ్మచే కథ చెప్పుట యనగా నేమో వేరుగ విన్నవింప నక్కరలేదు. తెరమీది బొమ్మ యెట్లున్నదో రావణు డట్లే యుండెనని బాలుడు నమ్మును. ఆ నమ్మకమే చిత్రకారుని బలము. అదియే యతని బాధ్యత. ఈ సత్యమును ఆలస్యముగ గ్రహించిన యొక పాశ్చాత్య చిత్రకారుని చరిత్రమును నేడు మనవిచేసెదను.

ఐరోపాఖండమున బెల్జియమను చిన్న దేశము కలదు. దాని రాజధానియగు బ్రస్సెల్సు నగరప్రాంతమున 1907వ సంవత్సరము మే 22వ తేదీని జార్జి రెమీ జన్మించెను. తన పేరులోని తొలి యక్షరములను తారుమారు చేసి 'హెర్జే' యని చేవ్రాలు చేయుటచే లోకమున నా పేరే నిలిచినది. 1929 జనవరి 10వ తేదీని ఒక వార్తాపత్రికయొక్క పిల్లల యనుబంధమున, టిన్‌టిన్ అను బాలవిలేఖరి కథను వరుసబొమ్మలతో ఆరంభించెను. పాత్రల మాటలు బొమ్మలోనే, నోటిచెంత గీచిన బుడగలలో నుండును.

రెండవ కథ ఆఫ్రికాలోని కాంగోదేశమున నడచినది. ఆ దేశము నాడు బెల్జియము పాలనలో నుండెను. హెర్జే దానిని కన్నులార చూచినవాడు కాడు. పాలకుల యిండ్లలో వినవచ్చు మాటలనే నమ్మి, అచ్చటివారిని తెలివిమాలినవారినిగను, తెల్లవారికి మ్రొక్కువారినిగను చిత్రించెను. పరపాలన యెట్టిదో యెరిగిన మనకు ఆ బొమ్మలు నవ్వు పుట్టింపవు.

తరువాత చీనాదేశమును గూర్చి కథ రానున్నదని ప్రకటన వెలువడెను. చీనా విద్యార్థులకు పెద్దదిక్కుగ నున్న గాసే యను క్రైస్తవాచార్యుడు, ఆ దేశమును చక్కగ తెలిసికొని వ్రాయుమని హెర్జేకు లేఖ పంపెను. అంతట 1934లో, శిల్పవిద్యకై బ్రస్సెల్సు వచ్చిన చాంగ్ చోంగ్‌జెన్ అను యువకునితో హెర్జేకు స్నేహము కుదిరెను. ఇరువురు నొక్క యీడువారు. చాంగ్ తన దేశపు ఆచారములను, కష్టములను వివరించెను. బొమ్మలలోని గోడలమీద చీనా లిపిని తానే వ్రాసెను. 1931లో ముక్డెనుకడ రైలుపట్టాలను ప్రేల్చి, ఆ నెపముతో జపాను సైన్యము మంచూరియాను ఆక్రమించిన వృత్తాంతము ఆ 'నీలకమలము' కథలో చేరినది. చాంగ్ పేరుగల బాలుడే అందు టిన్‌టిన్‌నకు చెలికాడు.

నేర్చిన పాఠము ఎల్లవేళల నిలుచునా? 1940లో జర్మనులు బెల్జియమును ఆక్రమించిరి. హెర్జే వారి చెప్పుచేతలలోని దినపత్రికకు బొమ్మలు గీచెను. ఒక కథలో యూదులను హేళన చేసెను. 1944లో దేశము విముక్తమైనపుడు అతనిని నిర్బంధించిరి. కొంతకాలము పత్రికలలో పనిచేయనీయరైరి. ఈ భాగమును మరుగుపరచినచో అది చరిత్రము కాదు.

1946లో కాంగోకథను రంగులతో తిరిగి గీచెను. పాత కూర్పున టిన్‌టిన్ అచ్చటి బాలురకు 'మీ దేశము బెల్జియము' అని పాఠము చెప్పును. క్రొత్త కూర్పున నది లెక్కలపాఠమయ్యెను. నల్లబల్లయొద్ద జీవితము గడపిన నాకు ఈ మార్పు చిన్నదిగ తోచదు. అయినను ముఖచిత్రణములోని హేళన పోలేదు. దిద్దుబాటు సగముననే నిలిచెను. 1971లో న్యూమా సదూల్ అను యువకునితో తన జీవితకృషిని గూర్చి ముచ్చటించుచు, ఆ తొలి కథలు తాను పెరిగిన సంఘపు దురభిప్రాయముల ఫలములని యొప్పుకొనెను.

చాంగ్ స్వదేశమునకు మరలెను. కాలక్రమమున ఉత్తరములు నిలిచిపోయెను. 1958లో హెర్జే ఆరంభించిన టిబెట్టుకథలో, హిమాలయములలో విమానము కూలి జాడ తెలియని చాంగును టిన్‌టిన్ వెదకుకొని పోవును. దారిలో మన ఢిల్లీలో దిగి కుతుబ్‌మీనారును చూచును. ఆ కథలో దుష్టుడే లేడు. మిత్రునికై తపన మాత్రమే కలదు. కథలోని చాంగు దొరకెను. నిజమైన చాంగు 1981 మార్చిలో బ్రస్సెల్సు వచ్చి వృద్ధమిత్రుని కలిసికొనెను. 1983 మార్చి 3వ తేదీని హెర్జే మరణించెను. 23 కథలు ముగిసినవి. 24వది నడుమ నిలిచినది.

పెద్దలారా! మీ యింట బాలుడు బొమ్మ గీచుచుండగా పనికిమాలిన పనియని కసరకుడు. ఎవరి బొమ్మ గీచుచున్నాడో వారితో నొక్కమారైన కూర్చుండి మాటలాడెనా యని మాత్రము అడుగుడు.