నిర్బంధ సైనికసేవ: తెనాలి ప్రాంతపు యుద్ధకాల వాదం

భారతీయులను చట్టబలంతో సైన్యంలో చేర్చే పద్ధతిని బ్రిటిషు ప్రభుత్వం రెండు ప్రపంచయుద్ధాలలోనూ అవలంబించలేదు. 1940 నాటి నేషనల్ సర్వీసు చట్టం ఐరోపా సంతతి బ్రిటిషు ప్రజలకే వర్తించింది. సాంకేతిక నిపుణులను యుద్ధోత్పత్తికి నిర్బంధంగా నియోగించే ఆర్డినెన్సు మాత్రం అదే ఏడాది భారతీయులనూ తాకింది. పాతిక లక్షలకు చేరిన నాటి భారత సైన్యాన్ని స్వచ్ఛంద సైన్యమనే వ్యవహరిస్తారు. కూటికి లేక చేరినవాని సమ్మతి ఏ మేరకు స్వచ్ఛందమన్నది వేరే ప్రశ్న. అందువల్ల ఈ ప్రాంతంలో వాదం నిర్బంధం పేరిట కాక, మనుషులను అడిగే అధికారం ఎవరిదన్న రూపంలో సాగింది.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో శాసనసభను సంప్రదించకుండానే దేశాన్ని యుద్ధంలోకి దించాడు. 1940 అక్టోబరులో మొదలైన వ్యక్తి సత్యాగ్రహం యుద్ధానికి మనుషులను గాని ధనాన్ని గాని ఇవ్వరాదని చాటింది. ధన నిరాకరణ బాపట్ల తాలూకాకు కొత్త కాదు. 1921–22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వంలో శిస్తు నిలిపివేశారు. అయితే శిస్తుకు జప్తయ్యేది గొడ్డూగోదా. యుద్ధం అడిగేది ప్రాణం.

సత్యాగ్రహ నినాదంలో రెండు భిన్న నిరాకరణలు కలిసిపోయాయి. 1918లో ఖేడా జిల్లాలో సైన్యానికి మనుషులను కూడగట్టజూసిన గాంధీ, 1940 నాటికి యుద్ధాన్నే నిరాకరించాడు. కాంగ్రెసు నిరాకరణ అది కాదు. జాతీయ ప్రభుత్వం ఏర్పడితే రక్షణకు సహకరిస్తామని ఆ సంస్థ 1940 జూలైలోనే ప్రకటించింది.

దీనికి ఎదురువాదం తెనాలిలోనే బలంగా వినిపించింది. ఎం.ఎన్. రాయ్ అనుయాయులు ఫాసిజాన్ని ఓడించడమే ప్రథమ కర్తవ్యమన్నారు. త్రిపురనేని గోపీచంద్ ఆంధ్ర రాడికల్ డెమొక్రటిక్ పార్టీ కార్యదర్శిగా పనిచేశాడు. 1941లో హిట్లరు సోవియట్ రష్యాపై దాడి చేశాక కమ్యూనిస్టులూ దీన్ని ప్రజాయుద్ధమన్నారు. ఫాసిజం విషయంలో రాయిస్టుల అంచనా కాంగ్రెసువారి కంటే నిశితమైనదే. కాని కర్తవ్యాన్ని అంగీకరించనివానిని ఏం చేయాలన్న చోట ఆ వాదం నిలిచిపోయింది.

1942 ఆగస్టు 12న, బాపట్ల, రేపల్లె దారులు విడిపోయే తెనాలి జంక్షనుపై జనం విరుచుకుపడ్డారు. పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించారు. వారి స్మారకంగా రణరంగచౌక్‌లో ఏడు స్తంభాలున్నాయి.

1950లో అధికార ప్రశ్న తీరింది. రాజ్యాంగంలోని 23వ అధికరణం రెండవ ఖండం ప్రజాప్రయోజనాలకై నిర్బంధసేవ విధించే అధికారాన్ని రాజ్యానికి నిలిపి, అందులో మతం, జాతి, కులం, వర్గం కారణంగా మాత్రమే వివక్ష చూపరాదన్నది. అంతరాత్మ ప్రబోధంతో ఆయుధం పట్టననే వ్యక్తి ప్రస్తావన ఆ ఖండంలో లేదు.