ఇంజిన్‌కు ఇంటి బుర్ర: ఒక సర్క్యూట్ బోర్డు పుట్టుపూర్వోత్తరాలు

ఇంజిన్ కంట్రోల్ యూనిట్, అంటే మెకానిక్కులు ఈసీయూ అనే పెట్టె, చేసే పని నాలుగు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో అంచనా కడుతుంది. ఆ గాలికి సరిపడా పెట్రోలు చిమ్మడానికి ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలో తేలుస్తుంది. స్పార్క్ ఎప్పుడు పడాలో చెబుతుంది. ఇందులోని లెక్క ఇంటర్మీడియట్ చదివినవాళ్లకు అర్థమవుతుంది: పీడనం, ఉష్ణోగ్రత, సిలిండర్ ఘనపరిమాణం, కొన్ని గుణకారాలు. అయినా ఒక మామూలు మనిషి ఇంట్లో బల్ల మీద టంకం వేసి దీన్ని తయారుచేసుకోగలిగే రోజు 2001 దాకా రాలేదు. అంత ఆలస్యానికి కారణం లెక్కలో వెతికితే దొరకదు. ఆ లెక్క చేసే చిప్పును వేడికీ అదురుకీ స్పార్క్ చేసే విద్యుత్ రొదకీ తట్టుకునేలా బతికించాల్సిన బోర్డులో ఉంది.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1957లో బెండిక్స్ కంపెనీ ఎలక్ట్రోజెక్టర్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ప్రకటించింది. ముందు రాంబ్లర్ రెబెల్ కారుకు ఇస్తామన్నారు, చలికి స్టార్టింగ్ ఇబ్బందులు వచ్చి అది సాగలేదు. 1958లో క్రైస్లర్ తన ఖరీదైన మోడళ్లలో కొన్నింటికి పెట్టింది. అమ్ముడైనవి కొన్ని పదుల కార్లే. వాటిలోనూ చాలావరకు తిరిగి గ్యారేజీకి వచ్చి, ఇంజెక్షన్ పీకించుకుని కార్బ్యురేటర్లు బిగించుకుని వెళ్లాయి. ఆలోచన బాగానే ఉంది. ఆ రోజుల్లో దొరికే కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు బానెట్ కింద కాపురం చేయలేకపోయాయి.

ఆ పేటెంట్లు జర్మనీలోని బాష్ చేతికి వెళ్లాయి. పదేళ్ల తర్వాత, 1967లో, ఫోక్స్‌వాగన్ 1600 కారులో డీ-జెట్రానిక్ పేరుతో బాష్ దాన్ని నిలబెట్టింది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం కొలిచి పెట్రోలు తేల్చే పద్ధతి అది. మొత్తం అనలాగ్ సర్క్యూటే, మైక్రోప్రాసెసర్ అన్నది లేదు. అమెరికాలో పొగ నిబంధనలు బిగిసేకొద్దీ ఇంజెక్షన్ అవసరం పెరిగింది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులో వచ్చిన మోట్రానిక్, ఇంజెక్షన్‌నూ స్పార్క్‌నూ ఒకే డిజిటల్ పెట్టెలోకి తెచ్చింది. అక్కడి నుంచి ఈసీయూ అంటే తెరవకూడని పెట్టె అయిపోయింది. ఎప్పుడు ఎంత పెట్రోలు, ఎప్పుడు స్పార్క్ అని చెప్పే లోపలి పట్టికలు కంపెనీ రహస్యం. రేసింగ్ కార్ల కోసం ఆస్ట్రేలియాలో హాల్‌టెక్, మోటెక్ లాంటివాళ్లు సొంతంగా ట్యూన్ చేసుకోగల పెట్టెలు అమ్మారు కానీ వాటి ధర సరదా కోసం కారు బాగుచేసుకునేవాడి అందుబాటులో లేదు.

1990ల చివర్లో ఆ గోడ మీద మొదటి దెబ్బ ఈఎఫ్ఐ332 అనే ప్రాజెక్టు వేసింది. మోటరోలా 68332 అనే 32 బిట్ల ప్రాసెసర్ చుట్టూ, ఎక్కడెక్కడో ఉన్న ఔత్సాహికులు ఇంటర్నెట్‌లో కలిసి డిజైన్ చేశారు. ఎత్తుగడ చాలా పెద్దది. బోర్డు చేతికి వచ్చినవాళ్లలో దాన్ని ఇంజిన్ మీద నడిపించగలిగినవాళ్లు తక్కువ. ఆ పనిలో పాలుపంచుకున్న బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అక్కడే ఒక పాఠం పట్టుకుని సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచారు. వాళ్లు ఎంచుకున్నది 8 బిట్ల మోటరోలా 68హెచ్‌సీ908జీపీ32. 32 కిలోబైట్ల ఫ్లాష్, 512 బైట్ల ర్యామ్. కిలోబైట్లు కావు, బైట్లే. 40 కాళ్ల చిప్పు, సాకెట్‌లో గుచ్చుకునే రకం. తక్కిన భాగాలన్నీ బోర్డు రంధ్రాల్లో కాళ్లు దూర్చి మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో అతికించుకునేవే. 2001లో మెగాస్క్విర్ట్ పేరుతో అది బయటికొచ్చింది. మొదట్లో అది పెట్రోలు మాత్రమే చూసుకునేది, స్పార్క్ జోలికి వెళ్లేది కాదు. పీడనం కొలిచి లెక్క కట్టే పద్ధతి మాత్రం డీ-జెట్రానిక్‌దే.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే ముక్క ఒకటుంది. ఈసీయూతో పాటు స్టిమ్యులేటర్ అని ఒక చిన్న బోర్డు కూడా వాళ్లు ఇచ్చారు. దానికి కొన్ని నాబ్‌లు, కొన్ని ఎల్ఈడీలు. 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. ఒక నాబ్ తిప్పితే ఇంజిన్ వేగం, ఇంకొకటి తిప్పితే నీటి వేడి మారినట్టు ఈసీయూకు తోస్తుంది, ఇంజెక్టర్ తెరుచుకోవాల్సిన చోట ఎల్ఈడీ వెలుగుతుంది. కారు అవసరమే లేకుండా బల్ల మీదే తప్పులన్నీ పట్టేయొచ్చు. తనకు తెలిసిన విద్య అవతలివాడికీ రావాలని మనసా కోరుకునేవాళ్లకే ఇలాంటి ఆలోచన వస్తుంది.

ఇక బోర్డు గీయడంలోని అసలు కష్టానికి వద్దాం. బయటి నుంచి చూసేవాళ్లకు సర్క్యూట్ బోర్డు అంటే ఈ కాలిని ఆ కాలికి కలిపే రాగి గీతలు. గీత గీస్తే కలిసినట్టే కదా అనిపిస్తుంది. ఈసీయూలో అలా అనుకుంటే ఇంజిన్ నడవదు.

ఒక లెక్క చూడండి. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. ఆ మందంలో ఒక మిల్లీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న గీతకు ఇంచుమించు 0.05 ఓమ్ నిరోధం ఉంటుంది. ఏముంది, సున్నాతో సమానం అనిపిస్తుంది. మామూలు ఇంజెక్టర్ తెరుచుకున్నప్పుడు దాదాపు ఒక ఆంపియర్ తీసుకుంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో నాలుగూ ఒకేసారి తెరిచి ఆ కరెంటు గ్రౌండ్‌కు ఈ గీత మీదుగా వెళ్తే, గీత రెండు కొసల మధ్య 0.2 వోల్టు తేడా వస్తుంది. ఇలాంటి బోర్డుల మీద తరచుగా వాడే ఎంపీఎక్స్4250 పీడన సెన్సర్ ఒక్కో కిలోపాస్కల్‌కు 20 మిల్లీవోల్టుల చొప్పున చెబుతుంది. సెన్సర్ గ్రౌండ్‌నూ, దాన్ని చదివే చిప్పు గ్రౌండ్‌నూ ఆ గీత చెరో కొసకు కలిపారనుకోండి, 0.2 వోల్టు అంటే 10 కిలోపాస్కళ్ల తప్పు. పూర్తిగా తొక్కిన థ్రాటిల్‌లో పీడనం 100 కిలోపాస్కళ్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే పెట్రోలు పదో వంతు తప్పిపోయింది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం దోషం లేదు, సెన్సర్ నిక్షేపంగా ఉంది, ఇంజిన్ మాత్రం ఇంజెక్టర్ తెరిచినప్పుడల్లా దగ్గుతుంది.

అందుకే అనుభవమున్నవాళ్లు ముందు గ్రౌండ్ గీసుకుని ఆ తర్వాతే మిగతావి మొదలుపెడతారు. పంటకు వెళ్లే కాలువనూ మురుగు కాలువనూ ఎలా వేరుగా తవ్వుతామో, అలాగే ఇంజెక్టర్ల బరువు కరెంటుకు ఒక దారి, సెన్సర్ల సున్నితమైన సంకేతాలకు వేరే దారి వదులుతారు. రెండూ ఒక్కచోట మాత్రమే కలవాలి. సెన్సర్ గ్రౌండ్ తీగలు తిరిగి ఈసీయూ దగ్గరికే రావాలని, ఈసీయూ గ్రౌండ్ తీగలన్నీ కట్టకట్టి ఇంజిన్ బ్లాకు మీద ఒకేచోట బిగించాలని మెగాస్క్విర్ట్ వైరింగ్ సూచనలు పదే పదే చెప్పేది ఇందుకే. ఆ పెట్టెకున్న 37 పిన్నుల కనెక్టర్‌లో గ్రౌండ్‌కు కేటాయించినన్ని పిన్నులు ఇంకే పనికీ లేవు.

రెండో చిక్కు వేగం తెలుసుకోవడంలో ఉంది. క్రాంక్ మీది పళ్ల చక్రం పక్కన పెట్టే అయస్కాంత సెన్సర్, సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టు కూడా ఇవ్వకపోవచ్చు. ఇంజిన్ పరుగెత్తుతుంటే అదే సెన్సర్ పదుల వోల్టులు కక్కుతుంది. రెంటినీ ఒకే సర్క్యూట్ సరిగ్గా చదవాలి. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక డిగ్రీ అంటే 28 మైక్రోసెకన్లు. స్పార్క్ కాయిల్ రొద ఒక్కసారి చొరబడి లేని పన్ను ఉన్నట్టు తోస్తే, 36 పళ్లకు ఒకటి తక్కువున్న చక్రంలో 10 డిగ్రీల తప్పు. మెగాస్క్విర్ట్ మూడో బోర్డు మీద ఈ సెన్సర్ కోసమే ప్రత్యేక సర్క్యూట్ చేరింది. దాన్ని సరిచేసుకోవడానికి ఆర్52, ఆర్56 అని స్క్రూతో తిప్పే రెండు చిన్న నిరోధాలు పెట్టారు. అంతకుముందున్న 2.2 వెర్షన్ బోర్డులో తక్కువ నిరోధం ఉన్న ఇంజెక్టర్లు వాడేవాళ్లు వేరే చిన్న బోర్డు తగిలించుకోవాల్సి వచ్చేది. అదీ మూడో బోర్డులో కలిసిపోయింది. కొత్త బోర్డులో కొత్తగా చేరిన ప్రతి భాగం, పాత బోర్డు ఎవరి కారులోనో పడ్డ బాధకు జవాబే.

ప్రాసెసర్ సంగతి చూస్తే, అసలు కష్టం బోర్డులోనే ఉందన్న నా మాట మరింత రుజువవుతుంది. తర్వాత వచ్చిన మెగాస్క్విర్ట్ 2, 3 ప్రాసెసర్లు చిన్న కార్డు రూపంలో అదే 40 కాళ్ల సాకెట్‌లో దిగాయి. చిప్పు మూడు తరాలు మారింది. కింది బోర్డు అక్కడే ఉంది.

అచ్చు బోర్డుకూ దాన్ని గీసే సాధనాలకూ ఒక చరిత్ర ఉంది. ఆస్ట్రియా వదిలి లండన్ చేరిన పాల్ ఐస్లర్ 1936లో అచ్చు రాగి గీతలతో రేడియో చేసి చూపించాడు. ఫ్రాన్సులో జాన్-పియెర్ షారా 1992లో కీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. 2013 నుంచి జెనీవాలోని సెర్న్ దానికి చేయూతనిచ్చింది. నేడు కీక్యాడ్‌లో గీసి, ఆ నమూనాను గెర్బర్ ఫైళ్లుగా ఫ్యాక్టరీకి పంపితే నాలుగు పొరల బోర్డు ఇంటికి వస్తుంది. లోపలి పొర మొత్తాన్ని గ్రౌండ్‌కే వదిలేయొచ్చు, పైన చెప్పిన 0.05 ఓమ్ బాధ చాలావరకు అక్కడే తీరిపోతుంది.

మెగాస్క్విర్ట్ ప్రోగ్రాం చదవడానికి దొరికినా, దాన్ని వాళ్ల బోర్డుల మీదే నడపాలన్న షరతు ఉంది. పూర్తి స్వేచ్ఛ కావాలనుకున్నవాళ్లు వేరే దారి పట్టారు. ఆస్ట్రేలియాలో జాష్ స్టీవార్ట్ మొదలుపెట్టిన స్పీడుయినో, కాలేజీ పిల్లలందరికీ తెలిసిన ఆర్డుయినో మెగా బోర్డు మీద నడుస్తుంది. రస్‌ఈఎఫ్ఐ ఎస్టీఎం32 చిప్పుల మీద నడుస్తుంది. రెంటిలోనూ ప్రోగ్రాం ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆర్డుయినో 5 వోల్టుల సుఖానికి అలవాటుపడ్డ పిల్లవాడికి ఇక్కడ మొదటిసారి కారు కరెంటు పరిచయమవుతుంది. ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే 12 వోల్టుల లైను మీద వంద వోల్టుల దాకా లేవొచ్చు. దాన్ని మింగే డయోడు లేని బోర్డు నిమిషంలో చస్తుంది.

మన దేశంలో 2006లో హీరో హోండా గ్లామర్‌కు ఇంజెక్షన్ వచ్చినప్పుడు అది వింత. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చాక టీవీఎస్ ఎక్స్ఎల్ మోపెడ్‌కు కూడా ఈసీయూ ఉంది. కాలేజీ జట్లు సొంతంగా కారు కట్టి పాల్గొనే ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో పెట్రోలు ఇంజిన్ గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే వెళ్లాలన్నది నియమం. బైకు ఇంజిన్ తెచ్చి వాడితే, కంపెనీ ఇచ్చిన పట్టికలు ఆ గాలికి పనికిరావు. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్‌కు కారు కట్టే జట్లకు సొంతంగా ట్యూన్ చేసుకోగల ఈసీయూ అందుకే కావాలి. రోడ్డు మీది బండికి మాత్రం పొగ నిబంధనలున్నాయి, అక్కడ ప్రయోగాలు తగవు.

ఇప్పుడు బోర్డు గీసేవాళ్ల ముందున్న కొత్త సమస్య చాలా చిన్నదిగా కనిపిస్తుంది. పాత మాజ్డా ఎంఎక్స్-5 లాంటి కార్లకు, కంపెనీ వైరింగ్ కోయకుండా అదే ప్లగ్గులో గుచ్చుకునే బోర్డులు తయారవుతున్నాయి. చిప్పులు దొరుకుతాయి, నాలుగు పొరల బోర్డు వస్తుంది, ప్రోగ్రాం ఉచితం. కంపెనీ వాడిన ఆ కనెక్టర్ మాత్రం చాలా కార్లకు విడిగా అమ్మరు. దానికోసం పాడైపోయిన ఈసీయూలు కొని, వేడిచేసి, ఒక్కో పిన్ను నుంచి సీసం పీల్చి, కనెక్టర్‌ను ఊడదీసుకోవాల్సి వస్తోంది.