దేవ్‌లాలీ మాస్టారి 6174

జీవితమంతా అంకెలతో గడిపిన మనకు, అంకెలనే ప్రేమించిన ఒక పెన్షనరు కథ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఈ ప్రత్యేక సంచికకు వేరే విషయం రాద్దామనుకున్నాను గాని, మా మనవరాలు నన్ను ఇటు మళ్లించింది.

ఆమె ఇంజనీరింగు మొదటి సంవత్సరం. పైథాన్ అనే కంప్యూటర్ భాష కొత్తగా నేర్చుకుంటోంది. వాళ్లకిచ్చిన లెక్క ఇది: నాలుగూ ఒకే అంకె కాని నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోవాలి. అంకెలను పెద్ద నుంచి చిన్నకు పేర్చి, అందులోంచి చిన్న నుంచి పెద్దకు పేర్చినదాన్ని తీసివేయాలి. మిగిలినదానితో మళ్లీ అదే పని. చివరకు 6174 వస్తుంది. 7641లోంచి 1467 పోతే మళ్లీ 6174 కనుక అక్కడి నుంచి ఇక కదలదు.

దీన్ని కనుగొని 1949లో ప్రకటించినవారు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో మహారాష్ట్రలోని డహాణులో పుట్టారు. పూనా ఫెర్గూసన్ కాలేజీలో చదువుతూ 1927లో రాంగ్లర్ పరాంజపే గణిత బహుమతి అందుకున్నారు. పై చదువులకు పోలేదు. 1930 నుంచి 1962 వరకు నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులు. డోంబివలీ రైల్వే స్టేషనులో తట్టిన ఊహకు ఆ స్టేషను పేరు మీదే 'డెమ్లో సంఖ్యలు' అని పేరు పెట్టిన మనిషి. పండితులు చాలామంది ఆయన పనిని వినోదంగానే చూశారు. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ 'సైంటిఫిక్ అమెరికన్'లో రాశాకగాని లోకమంతా తెలియలేదు. అప్పటికి ఆయన రిటైరై పదమూడేళ్లు.

ఇక మనవరాలి సంగతి. "తాతయ్యా, 3524కి మూడు మెట్లలో వచ్చేసింది. 2111 ఇస్తే మాత్రం కంప్యూటర్ ఆగడం లేదు" అంది. నాకు ఆ భాష రాదు. "ఏ మెట్టులో ఎంత వస్తోందో చదువమ్మా" అని పెన్సిలు తీసుకున్నాను. 2111లోంచి 1112 పోతే నా కాగితం మీద 0999. దాని తెర మీద 999. 999లోంచి 999 పోతే సున్నా. 6174 వచ్చేదాకా తిరగమని రాసింది కనుక సున్నా దగ్గరే తిరుగుతోంది!

ట్రెజరీలో రిజిస్టర్లు రాసిన చేయి నాది. ఖాళీ గడి వదలడం మాకు తప్పు. "ముందున్న సున్నా కూడా అంకేనమ్మా" అన్నాను. ప్రతిసారీ నాలుగు గడులూ నిండేలా ఒక్క వరస మార్చింది. 0999, 8991, 8082, 8532, 6174. అయిదో మెట్టుకు చేరింది!

తరవాత 1000 నుంచి 9999 వరకు, అర్హమైన 8991 సంఖ్యలనూ పరీక్షించింది. ఏదీ ఏడు మెట్లు దాటలేదు. సున్నా వదిలేసి ఉంటే వాటిలో 68 దారి తప్పేవి.

ఆ రాత్రి మాస్టారి గురించి చెప్పాను. రిటైరయ్యాక పెన్షను చాలక లెక్కలు, సైన్సు ట్యూషన్లు చెప్పుకున్నారని, 1986లో పోయారని. "ఇంత కనిపెట్టినాయనకా, తాతయ్యా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. కంప్యూటర్ క్షణంలో చేసినదాన్ని ఆయన కాగితం, పెన్సిలుతో పట్టుకున్నారు.

ఆయన దీన్ని ప్రకటించిన 1949నే వేసి చూడండి: 8442, 5994, 5355, 1998, 8082, 8532, 6174. సరిగ్గా ఏడు మెట్లు. మీరు రిటైరైన సంవత్సరంతోనూ మనవలను కూర్చోబెట్టుకుని వేయండి. సున్నాను మాత్రం వదలకండి.