తాటాకు చేపకు చరిత్ర ఉందా?

మా అవ్వ చేతిలో తాటాకు ఊరికే ఉండేది కాదు. నెల్లూరు జిల్లాలో, కావలికి తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో మా ఊరు. ఇసక నేల, సరుగుడు తోటలు, తాటితోపులు. మధ్యాహ్నం వంటపని అయ్యాక అవ్వ అరుగు మీద కూర్చుని చాపల కోసం ఆకు చీల్చేది. మేం చుట్టూ చేరి గొడవ చేస్తుంటే మిగిలిన చీలికల్ని నాలుగు మడతలు వేసి ఒక చేపను చేతిలో పెట్టేది. ఇంకాస్త అల్లితే పాము. దాని నోట్లో వేలు పెట్టి లాగితే బిగుసుకుపోయేది. తుమ్మముల్లుకు రెండు ఆకుముక్కలు అడ్డంగా గుచ్చితే గిరక. నాలుగు గులకరాళ్ళు లోపల వేసి అల్లితే చంటిపిల్లకు గిలక. ముంజలు తిన్నాక మిగిలిన బుర్రలు రెంటినీ పుల్లతో కలిపి, పంగలకర్రతో తోస్తే బండి.

లాగే కొద్దీ పాము ఎందుకు బిగుస్తుంది? అల్లిక పొడవు సాగితే వెడల్పు తగ్గుతుంది కాబట్టి. ఆకు ఎటు వంగుతుందో, ఎండితే ఎంత ముడుచుకుంటుందో అవ్వ వేళ్ళకు తెలుసు. దీన్ని ఇవాళ కాలేజీల్లో డిజైన్ అంటారు. మా ఇంట్లో మాత్రం దాన్ని 'పిల్లల్ని ఆడించడం' అన్నారు.

అవ్వ చెయ్యని బొమ్మ ఒక్కటే, పెళ్ళికూతురు. తాటాకు బొమ్మల పెళ్ళి మా వీధిలో ఆడపిల్లలందరి ఆట. మూర చీర చుట్టి, పసుపు పెట్టి, పెద్దవాళ్ళు చేసే తంతంతా చేసేవాళ్ళం. ఆ బొమ్మ మటుకు పక్కింటి నుంచి తెచ్చుకోవాల్సిందే. ఒకసారి పట్టుబట్టి అడిగాను. "ఆ బొమ్మను చేసుకున్న దినాన్నే నన్నూ చేసినారు మే పెళ్ళికూతుర్ని" అంది అవ్వ, ఆకు చీల్చడం ఆపకుండా. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళట. ఆడపిల్లకు కనీస వయసు పద్నాలుగు అన్న శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అవ్వ పెళ్ళి అంతకు ముందే అయిపోయింది.

ఆటబొమ్మ అమాయకమైంది కాదనీ, లక్కపిడతలు వంటింటిని, తాటాకు పెళ్ళికూతురు తల వంచడాన్ని నేర్పుతాయనీ మనం చాలాసార్లు అనుకున్నాం, రాసుకున్నాం. అది నిజమే. కానీ ఆ విమర్శలో బొమ్మతో ఆడుకునే పిల్ల ఉంది గాని, దాన్ని చేసే మనిషి లేదు. ఏది చెయ్యాలో, ఏది చెయ్యకూడదో నిర్ణయించుకున్న మా అవ్వ అందులో ఎక్కడా లేదు. ఆ మనిషిని వెతుక్కుంటూ పోతే చరిత్ర చాలాచోట్ల మౌనంగా ఉంటుంది.

మౌనానికి ఒక కారణం వస్తువే. సింధు నాగరికత తవ్వకాల్లో నాలుగువేల ఏళ్ళు దాటిన మట్టి బండ్లు దొరికాయి. కాల్చిన మట్టి కాబట్టి నిలిచాయి. కొండపల్లి పొణికి కర్ర, ఏటికొప్పాక అంకుడు కర్ర, లక్క కూడా కొంతకాలం నిలుస్తాయి. తాటాకు చేప వారంలో ఎండి విరిగిపోతుంది. నిలిచే వస్తువుకే చరిత్ర రాసుకుంటూ వస్తే, రోజూ చేసి రోజూ పారేసే పనులన్నీ జారిపోతాయి. అవి ఎక్కువగా ఆడవాళ్ళ పనులు కావడం యాదృచ్ఛికం కాదు.

రెండో కారణం చూపుది. శూద్రకుడి 'మృచ్ఛకటికం' పేరుకు అర్థం మట్టిబండి. చారుదత్తుడి కొడుకు పొరుగింటి పిల్లవాడి బంగారు బండి కావాలని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి మట్టిబండిలో నింపుతుంది. ఆమె ఔదార్యం మనందరికీ గుర్తే. మరి ఆ మట్టిబండి చేసిందెవరు? ఆ ఇంటి దాసి రదనిక. నేనే చేసిచ్చానని నాటకంలో తనే చెబుతుంది. నాటకానికి పేరిచ్చిన వస్తువు ఒక దాసి చేతిపని అన్న సంగతి ఎందరికి గుర్తుంది?

చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడడానికి అది పునాది. తాము చూసిన వస్తువుల్లో చెంబును మించింది లేదనీ, ఏ ఒక్కరూ కాక తరతరాల మనుషులు దానికి ఆ రూపం ఇచ్చారనీ అందులో మెచ్చుకున్నారు. గొప్ప మాటే. కానీ చెంబు నడుమును చంకన ఇముడుస్తూ నీళ్ళు మోసిన వాళ్ళెవరో కూడా అడగాలి కదా. రే పరిస్థితీ ఏమంత మెరుగు కాదు. 1946లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో జరిగిన వాళ్ళ ఫర్నిచర్ ప్రదర్శన చార్లెస్ ఒక్కడి పేరు మీదే జరిగింది.

మళ్ళీ మా జిల్లాకొస్తాను. తీరం నుంచి పడమటికి, కొండల దాకా పోతే ఉదయగిరి. అక్కడ నర్ది, బిక్కి లాంటి కర్రతో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చేస్తారు. చెంచా పిడి చివర చేప ఉంటుంది, పువ్వు ఉంటుంది. కూర కలపడానికి చేప అవసరం లేదు. అయినా ఆకురాయితో గంటలకొద్దీ అరగదీసి ఆ చేపను తెస్తారు. ఈ పనిలో ముస్లిం కుటుంబాల స్త్రీలు ఎక్కువ. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు ఊరికి వస్తుంది గాని, చేప పిడిని ఊహించిన స్త్రీకి రాదు.

గుర్తింపు లేకపోతే ఏమవుతుందో 2021 చెప్పింది. ఆ జనవరి నుంచి ఆటబొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేశారు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు, హస్తకళల శాఖలో నమోదైన కళాకారులకు మినహాయింపు ఇచ్చారు. పిల్లల భద్రత కోసం పెట్టిన నిబంధన, తప్పు పట్టలేం. కానీ తిరునాళ్ళలో గంపలో గిరకలు పెట్టుకుని అమ్మే స్త్రీ ఆ రెండు జాబితాల్లో దేనిలోకి వస్తుంది? ఎక్కడా పేరు లేకపోవడమంటే చరిత్రలో లేకపోవడమే కాదు, రేపటి బజారులో చోటు లేకపోవడం కూడా.

తొంభైలలో రొయ్యల గుంటలు వచ్చాక మా ఊరి తాటితోపు సగం పోయింది. అవ్వ అంతకు ముందే పోయింది. మొన్న ఊరికెళ్ళినప్పుడు మనవరాలి కోసం ఒక ఆకు తెంపి చేప చెయ్యబోయాను. రెండు మడతల దాకా వచ్చింది. మూడో మడత ఎటో గుర్తుకు రాలేదు. అవ్వ మాట రాసుకున్నాను గాని, అవ్వ మడత నేర్చుకోలేదు.

మీ అమ్మమ్మలు, అవ్వలు, జేజెమ్మలు ఏమేం చేసి మీ చేతుల్లో పెట్టేవాళ్ళో రాయండి. ఏ ఆకుతో, ఎన్ని మడతలతో అన్నది కూడా రాయండి. వాళ్ళు చెయ్యనన్న బొమ్మలేవైనా ఉంటే, వాటిని తప్పకుండా రాయండి.