మినార్డి (ఫార్ములా వన్ జట్టు)

మినార్డి 1985 నుంచి 2005 వరకు ఫార్ములా వన్ కార్ల పందేల్లో పాల్గొన్న ఇటలీ జట్టు. ఉత్తర ఇటలీలో పింగాణీ పనితనానికి పేరుపడ్డ ఫాయెంజా పట్టణం దీని కేంద్రం. 21 సీజన్లలో సుమారు 340 రేసుల్లో దిగి 38 పాయింట్లు తెచ్చుకుంది. ఒక్క రేసూ గెలవలేదు, మొదటి మూడు స్థానాల్లో ఒక్కసారీ నిలవలేదు. మూడుసార్లు దక్కిన నాలుగో స్థానమే దీని అత్యుత్తమ ఫలితం. ఈ జట్టుకు ఏటా రెండు పోటీలుండేవి. ఒకటి ట్రాక్ మీద, రెండోది వచ్చే ఏడాదికి డబ్బు సమకూర్చుకోవడంలో. మొదటిదానిలో దొరికిన ఒకటి రెండు పాయింట్లే చాలాసార్లు రెండోదానిలో గండం గట్టెక్కించాయి.

పుట్టుక

వ్యవస్థాపకుడు జాన్‌కార్లో మినార్డి. ఆయన కుటుంబానికి ఫాయెంజాలో ఫియట్ కార్ల అమ్మకం వ్యాపారం ఉండేది. 1970లలో ఆయన స్కుడేరియా ఎవరెస్ట్ పేరుతో చిన్న జట్టును నడిపాడు. 1976లో ఫెరారీ నుంచి తెచ్చిన 312టి కారుతో, ఛాంపియన్‌షిప్ లెక్కలోకి రాని రెండు ఫార్ములా వన్ రేసుల్లో జాన్‌కార్లో మార్టినిని దించాడు. 1979లో మినార్డి పేరుతోనే జట్టు పెట్టి, జాకమో కలీరి రూపొందించిన సొంత కార్లతో ఫార్ములా టూలో అడుగుపెట్టాడు. 1981లో మిజానోలో మికేలె అల్బొరెటో గెలిచిన రేసు ఆ స్థాయిలో జట్టుకు దక్కిన ఏకైక విజయం.

ఫార్ములా వన్‌లో తొలి ఏళ్లు

1985లో బ్రెజిల్ గ్రాండ్ ప్రితో మినార్డి ఫార్ములా వన్‌లోకి వచ్చింది. ఉన్నది ఒక్కటే కారు. దాన్ని నడిపిన పియెర్‌లుయిజి మార్టిని, 1976లో స్కుడేరియా ఎవరెస్ట్ తరఫున దిగిన జాన్‌కార్లో మార్టినికి సోదరుడి కొడుకు. మొదటి రెండు రేసులకు పాత కాస్వర్త్ ఇంజన్ వాడి, తర్వాత కార్లో కీటి తయారుచేసిన మోటోరి మొదెర్ని వి6 టర్బోకు మారారు. అప్పట్లో బీఎండబ్ల్యూ, హోండా, రెనో వంటి పెద్ద కంపెనీలు టర్బో ఇంజన్ల మీద డబ్బు కుమ్మరిస్తున్నాయి. చిన్న కార్ఖానాలో పుట్టిన ఇంజన్ వాటికి శక్తిలోనూ మన్నికలోనూ సాటి రాలేదు. మొదటి మూడు సీజన్లలో పాయింటే రాలేదు.

టర్బోలకు రోజులు దగ్గరపడిన 1988లో జట్టు మళ్లీ కాస్వర్త్‌కు మారింది. ఆ ఏడాది డెట్రాయిట్‌లో తిరిగి జట్టులోకి వచ్చిన మార్టిని, ఆ తొలి రేసులోనే ఆరో స్థానం సాధించి మొట్టమొదటి పాయింటు తెచ్చాడు.

1989 నాటికి ఛాంపియన్‌షిప్‌లో 39 కార్లు పోటీలో ఉండేవి. వాటిలో 13 కార్లు శుక్రవారం ఉదయం గంటసేపు జరిగే ముందస్తు వడపోతలో తలపడాలి. అందులో నెగ్గిన నాలుగింటికే అసలు అర్హత పోటీలో చోటు. మిగతావాళ్లు శుక్రవారమే సామాను సర్దుకోవాల్సిందే. రేసులో కనిపించని కారుకు స్పాన్సర్ డబ్బివ్వడు. సీజన్ మధ్యలో, ఫలితాలను బట్టి వడపోతకు వెళ్లాల్సిన కార్ల జాబితాను మార్చేవారు. సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రి దాకా మినార్డి ఖాతాలో సున్నాయే ఉంది. ఆ రేసులో మార్టిని ఐదు, లూయిస్ పెరెజ్-సాలా ఆరు స్థానాల్లో నిలవడంతో మూడు పాయింట్లు వచ్చి వడపోత బెడద తప్పింది. అదే ఏడాది పోర్చుగల్‌లో మార్టిని ఒక ల్యాప్ పాటు అందరికన్నా ముందున్నాడు. మినార్డి కారు రేసులో ఆధిక్యంలో ఉన్నది చరిత్రలో ఆ ఒక్క ల్యాపే. 1990లో ఫీనిక్స్‌లో, శనివారం వర్షం పడి శుక్రవారం టైములే ఖాయం కావడంతో, అతను గ్రిడ్‌లో రెండో స్థానం నుంచి రేసు మొదలుపెట్టాడు.

ఇంజన్ కోసం వేట

చిన్న జట్టు కారు సొంతంగా కట్టుకోగలదు గాని ఇంజన్ కట్టుకోలేదు. దానికోసం ఎవరో ఒకరి గడప తొక్కాల్సిందే. 1991లో మినార్డికి ఫెరారీ వి12 ఇంజన్లు దొరికాయి. ఇమోలాలోనూ పోర్చుగల్‌లోనూ మార్టిని నాలుగో స్థానంలో నిలవగా, జట్టు ఏడో స్థానంతో సీజన్ ముగించింది. ఆ ఒప్పందం మాత్రం ఒక్క ఏడాదితో సరి. 1992లో లాంబోర్గినీ, 1993లో ఫోర్డ్ ఇంజన్లు వచ్చాయి. 1993లో దక్షిణాఫ్రికాలో క్రిస్టియన్ ఫిట్టిపాల్డి నాలుగో స్థానం సాధించాడు.

ఇంజన్ మారిన ప్రతిసారీ కారు వెనక భాగం, గేర్‌బాక్స్ అమరిక, చల్లబరిచే ఏర్పాట్లు మళ్లీ గీసుకోవాలి. 1995లో ఈ ఇబ్బంది పరాకాష్ఠకు చేరింది. ముగెన్-హోండా ఇంజన్ వస్తుందన్న నమ్మకంతో కారు డిజైన్ చేసుకున్నాక, ఆ ఇంజన్లు ఫ్రాన్స్ జట్టు లిజియేకు వెళ్లిపోయాయి. కారును ఫోర్డ్ ఇంజన్‌కు సరిపోయేలా సవరించుకోవాల్సి వచ్చింది. ఆ సీజన్ మొత్తానికి వచ్చింది ఒకే పాయింటు, అదీ ఆఖరి రేసు అడిలైడ్‌లో పెడ్రో లామీ తెచ్చింది.

డబ్బు తెచ్చే డ్రైవర్లు

పెద్ద జట్లు డ్రైవర్‌కు జీతమిస్తాయి. మినార్డిలో తరచు డ్రైవరే స్పాన్సర్‌ను వెంటబెట్టుకుని రావాలి. 1994లో బెప్పె లుక్కీని నడిపే స్కుడేరియా ఇటాలియాతో విలీనమైనా ఈ పరిస్థితి మారలేదు. 1996లో జట్టు జాంకార్లో ఫిజికెల్లాను ఫార్ములా వన్‌కు పరిచయం చేసింది. కానీ సీజన్ సగంలో అతన్ని పక్కనపెట్టి, డబ్బు తీసుకొచ్చిన జొవాన్ని లవాజ్జికి ఆ సీటు ఇచ్చింది. ఫిజికెల్లా తర్వాత వేరే జట్లతో మూడు గ్రాండ్ ప్రిలు గెలిచాడు. ప్రతిభను ముందుగా పసిగట్టడం, దాన్ని నిలుపుకోలేకపోవడం రెండూ ఈ జట్టుకు అలవాటయ్యాయి.

2003లో మినార్డి సీటు కోసం బ్రిటన్‌కు చెందిన జస్టిన్ విల్సన్ కొత్త దారి పట్టాడు. తన భవిష్యత్ సంపాదనలో వాటా ఇస్తానంటూ సామాన్య జనానికి షేర్లు అమ్మి డబ్బు కూడగట్టాడు. ఆ సీజన్ మధ్యలోనే జాగ్వార్ జట్టు అతన్ని తీసుకుపోయింది.

నూర్‌బుర్గ్‌రింగ్, 1999

1990ల ద్వితీయార్ధంలో జట్టు పగ్గాలు పారిశ్రామికవేత్త గబ్రియేలె రూమి చేతికి వచ్చాయి. అప్పట్లో టీవీ ప్రసార ఆదాయంలో వాటా దక్కాలంటే మొదటి పది జట్లలో ఉండాల్సి వచ్చేది. 1996 నుంచి మూడు సీజన్లు మినార్డికి పాయింటే లేదు.

1999లో నూర్‌బుర్గ్‌రింగ్‌లో జరిగిన యూరోపియన్ గ్రాండ్ ప్రిలో వాన వచ్చి పోతుండటంతో ముందున్నవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. లూకా బడోయెర్ నడుపుతున్న మినార్డి నాలుగో స్థానానికి ఎగబాకింది. ఇంకా 13 ల్యాపులు ఉన్నాయనగా గేర్‌బాక్స్ చెడిపోయింది. కారును పక్కకు ఆపి, దాని మీద తల ఆన్చి బడోయెర్ ఏడ్చాడు. తన ఫార్ములా వన్ జీవితం మొత్తంలో అతనికి ఒక్క పాయింటూ రాలేదు. అతని సహచరుడు మార్క్ జెనె మాత్రం, టైటిల్ పోరులో ఉన్న ఫెరారీ డ్రైవర్ ఎడ్డీ ఇర్విన్ కన్నా ముందు ఆరో స్థానంలో గీత దాటాడు. ఆ ఒక్క పాయింటుతో మినార్డి పదో స్థానంలో నిలిచింది. సిగరెట్ కంపెనీ అండతో భారీగా ఖర్చుపెట్టి ఆ ఏడాదే బరిలో దిగిన బ్రిటిష్ అమెరికన్ రేసింగ్ సున్నా పాయింట్లతో పదకొండో స్థానానికి పరిమితమైంది.

స్టాడర్ట్ కాలం

2000లో స్పెయిన్ టెలిఫోన్ సంస్థ టెలిఫోనికా స్పాన్సర్‌గా ఉన్నా, క్యాన్సర్‌తో బాధపడుతున్న రూమి జట్టును అమ్మాలనుకున్నాడు. ఒక బేరం చివరిదాకా వచ్చి చెడింది. 2001 జనవరి చివరలో ఆస్ట్రేలియాకు చెందిన విమానాల వ్యాపారి పాల్ స్టాడర్ట్ జట్టును కొన్నాడు. తొలి రేసు మార్చి 4న మెల్‌బోర్న్‌లో. ఆలోగా రాత్రింబగళ్లు పనిచేసి రెండు కార్లు సిద్ధం చేశారు. వాటిలో ఒకదాన్ని నడిపింది 19 ఏళ్ల ఫెర్నాండో అలోన్సో. తొలి రేసును 12వ స్థానంలో ముగించాడు.

2002లో అదే మెల్‌బోర్న్‌లో, తన తొలి ఫార్ములా వన్ రేసులో ఆస్ట్రేలియన్ మార్క్ వెబర్ 18వ స్థానం నుంచి బయల్దేరాడు. మొదటి మలుపు దగ్గర గొలుసుకట్టుగా గుద్దుకుని ఎనిమిది కార్లు అక్కడే ఆగిపోయాయి. చివర్లో టయోటా డ్రైవర్ మికా సాలో వెనకనుంచి తరుముతూ వచ్చి, అదుపు తప్పి గిర్రున తిరిగిపోయాడు. వెబర్ ఐదో స్థానంలో ముగించాడు. అధికారిక బహుమతి ప్రదానం అయ్యాక వెబర్, స్టాడర్ట్ పోడియం ఎక్కి సంబరం చేసుకున్నారు. సీజన్ చివర మినార్డి, టయోటా, ఆరోస్ మూడింటికీ రెండేసి పాయింట్లున్నా, ఐదో స్థానం పుణ్యమా అని మినార్డికి తొమ్మిదో ర్యాంకు దక్కింది.

అదే ఏడాది మొదట్లో ప్రోస్ట్ జట్టు మూతపడింది, సీజన్ మధ్యలో ఆరోస్ దివాలా తీసింది. 2003లో కెనడా గ్రాండ్ ప్రి విలేకరుల సమావేశంలో స్టాడర్ట్, చిన్న జట్లకు ఇస్తామన్న సహాయనిధి ఏమైందంటూ మెక్లారెన్ అధిపతి రాన్ డెన్నిస్‌ను, విలియమ్స్ జట్టు అధిపతి ఫ్రాంక్ విలియమ్స్‌ను అందరి ముందే నిలదీశాడు. వాణిజ్య హక్కుల అధిపతి బెర్నీ ఎక్లెస్టోన్ అండగా ఉంటానని ముందుకు రావడంతో జట్టు ఊపిరి పీల్చుకుంది.

2005లో ఇండియానాపోలిస్‌లో మిషెలిన్ టైర్లు భద్రం కాదని తేలి 14 కార్లు రేసుకు ముందే వెనుదిరిగాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లే పరుగెత్తాయి. మినార్డి డ్రైవర్లు క్రిస్టియాన్ ఆల్బర్స్, పాట్రిక్ ఫ్రీసాకర్ ఐదు, ఆరు స్థానాల్లో వచ్చి, అప్పటికి మారిన లెక్క ప్రకారం ఏడు పాయింట్లు తెచ్చారు. వాళ్ల ముందు నాలుగో స్థానంలో ఉన్నది జోర్డాన్ జట్టు డ్రైవర్ నరేన్ కార్తికేయన్. ఫార్ములా వన్‌లో భారతీయుడికి దక్కిన తొలి పాయింట్లు అవే. ఇంత ఫలితం తెచ్చినా, స్పాన్సర్ సొమ్ము అందక ఫ్రీసాకర్ కొద్ది వారాల్లోనే సీటు పోగొట్టుకున్నాడు.

అమ్మకం, వారసత్వం

2005 సెప్టెంబరులో జట్టును ఆస్ట్రియా పానీయాల సంస్థ రెడ్ బుల్‌కు అమ్ముతున్నట్టు ప్రకటన వెలువడింది. కొంతకాలమైనా జట్టును ఫాయెంజా నుంచి కదిలించకూడదని స్టాడర్ట్ షరతు పెట్టాడు. మినార్డి పేరు ఉంచాలని అభిమానులు సంతకాలు సేకరించినా ఫలితం లేకపోయింది. ఆ పేరుతో ఆఖరి ఫార్ములా వన్ రేసు షాంఘైలో జరిగింది. 2006 నుంచి జట్టు టోరో రోసో అయింది. 2008లో మోంజాలో సెబాస్టియన్ వెటెల్ ఈ జట్టుకు తొలి విజయం తెచ్చాడు. ఆల్ఫా టౌరి పేరుతో ఉన్నప్పుడు 2020లో పియెర్ గాస్లీ అదే మోంజాలో రెండోది గెలిచాడు. ఇప్పుడు రేసింగ్ బుల్స్ అనే పేరున్నా, జట్టు కేంద్రం ఫాయెంజాయే.

మినార్డిలో ఫార్ములా వన్ మొదలుపెట్టిన డ్రైవర్లలో నన్నీని, ఫిజికెల్లా, ట్రుల్లీ, వెబర్ గ్రాండ్ ప్రి విజేతలయ్యారు. అలోన్సో 2005, 2006లలో ప్రపంచ ఛాంపియన్. ఇక్కడ కార్లు గీసిన ఆల్డో కోస్టా తర్వాత ఫెరారీ, మెర్సిడెస్‌లలో ఛాంపియన్ కార్లకు పనిచేశాడు. పెట్టుబడి లేని జట్టు తయారుచేసిన మనుషుల ఫలం ఎక్కువగా పెద్ద జట్లకే దక్కింది. వాళ్ల విజయాల్లో ఏ వాటా అయినా మినార్డికి తిరిగి వచ్చే ఏర్పాటు ఆనాటి ఫార్ములా వన్‌లో లేదు.