మార్కులు ఎవరి కోసం? మన బడుల్లో పరీక్షా ఫలితాల నూటయాభై ఏళ్ళ కథ

పోస్టు కొంచెం పెద్దదే. తీరిగ్గా చదవండి, మీ ఊరి బడిలో పిల్లలున్న వాళ్ళకి చదివి వినిపించండి.

మందస నుంచి మహేంద్రగిరి వైపు ఉన్న మన గూడేల్లో అందరం విన్న మాట ఒకటుంది: "ఈ బడి రిజల్టు బాగోలేదు, ఈ పిల్లలు వెనకబడి ఉన్నారు." ఆఫీసర్లు అంటారు, మాస్టార్లు అంటారు, ఆఖరికి మన అమ్మానాన్నలు కూడా అదే అంటారు. అయితే ఎవరు కొలిచారు? ఏ భాషలో కొలిచారు? కొలిచాక ఏం చేశారు? ఈ మూడు ప్రశ్నలూ మనం అడగలేదు. పిల్లల పరీక్షా ఫలితాలు చూసి బడికి లక్ష్యాలు పెట్టడం ఈ మధ్య వచ్చిన కొత్త పద్ధతి అనుకుంటాం. కాదు. మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల నుంచే ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఈరోజు మన బడి కోసం ఏం అడగాలో తెలుస్తుంది.

పాసుకి ఇంత అని గ్రాంటు

1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అనే మంత్రి ఒక కొత్త నియమావళి తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు బడికి వస్తాడు. ఒక్కో పిల్లవాడికి చదవడం, రాయడం, లెక్కలు పరీక్ష పెడతాడు. పాసైన పిల్లల లెక్కన బడికి డబ్బు వస్తుంది, ఫెయిలైతే ఆ మేరకు తగ్గుతుంది. కొద్ది ఏళ్ళలోనే ఈ పద్ధతి మద్రాసు రాజధానికీ వచ్చింది. దాన్ని "ఫలితాల గ్రాంటు" అనేవారు. అప్పుడు మందస జమీందారీ గంజాం జిల్లాలో ఉండేది. అంటే మన చుట్టుపక్కల ఎయిడెడ్ పల్లె బడులు నడిచిన కాలం ఇదే.

పైకి చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. పని జరిగితేనే కూలి అన్నట్టు. కానీ ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. రీడరు పుస్తకం మొత్తం బట్టీ పట్టించేవారు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా పిల్లలు గడగడా అప్పజెప్పేవారని అప్పట్లో చెప్పుకునేవారు. పరీక్షలో లేని పాఠం బడిలోంచి మాయమైంది. కవి, బడుల ఇన్‌స్పెక్టరు కూడా అయిన మాథ్యూ ఆర్నాల్డ్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 19వ శతాబ్దం ముగిసేలోపే ఇంగ్లండు ఆ పద్ధతిని వదిలేసింది. ఇక్కడ 1904లో కర్జన్ ప్రభుత్వం చేసిన విద్యా తీర్మానం కూడా ఫలితాల మీద గ్రాంటు ఇవ్వడాన్ని తప్పుపట్టింది.

మన కొండల సంగతి ఆలోచించండి. తెలుగో ఒడియానో ఇంట్లో వినని పిల్లవాడు, ఇంట్లో మొదటిసారి పలక పట్టిన పిల్లవాడు, ఇన్‌స్పెక్టరు ముందు ఆ భాషలో పాసవ్వాలి. పాసవ్వకపోతే గ్రాంటు లేదు. గ్రాంటు లేని చోట బడి పెట్టేదెవరు? బడి ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడికి డబ్బు తక్కువ వెళ్ళే లెక్క ఇది. ఫలితాన్ని సాయం చెయ్యడానికి కాకుండా శిక్ష వెయ్యడానికి వాడితే జరిగేది ఇదే. చరిత్ర చెప్పిన మొదటి పాఠం ఇది.

గిడుగు వారు వేరే వైపు నుంచి మొదలెట్టారు

అదే కాలంలో, అదే గంజాం జిల్లాలో, పర్లాకిమిడి బడిలో ఒక మాస్టారు పనిచేసేవారు. గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. సంతోషమే. కానీ ఆయన తెలుగు కోసం పోరాడకముందే సవర భాష నేర్చుకున్నారన్న సంగతి ఆ సభల్లో ఒక్క వాక్యంతో అయిపోతుంది. మనకి అది అసలు సంగతి.

ఆయన "సవర పిల్లలు ఎందుకు ఫెయిలవుతున్నారు?" అని అడగలేదు. "ఈ పిల్లలకి చదువు చెప్పడానికి నాకు ఏం రావాలి?" అని అడిగారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడులు నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారని చెప్తారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అటు వెళ్ళిపోయింది, మందస ఇటు మిగిలింది. సవర జనం గీతకి రెండు వైపులా పడ్డారు. సవరకి మంగేయి గొమాంగో సొంత లిపి తయారుచేసింది కూడా 1936లోనే.

భాష సంగతి పరీక్షకి ఎలా తగులుతుందో ఒక ఉదాహరణ. సవరలో పాత లెక్క పదుల మీద నడవదు. పన్నెండు, ఇరవై మీద నడుస్తుంది. పదమూడు అంటే "పన్నెండు, ఒకటి". ముప్ఫై మూడు అంటే "ఇరవై, పన్నెండు, ఒకటి". ఇంట్లో తాత దగ్గర ఈ లెక్క విన్న పిల్ల బడికొచ్చి పదుల స్థానం, ఒకట్ల స్థానం దగ్గర తడబడితే, ఆ పిల్లకి లెక్కలు రావనా? రెండు లెక్కల మధ్య ఉంది అంతే. మార్కుల కాగితం మీద మాత్రం సున్నా పడుతుంది. సున్నా ఎందుకు పడిందో తెలియని మాస్టారు ఆ సున్నాతో ఏ లక్ష్యం పెట్టగలరు?

1956లో రాజ్యాంగంలో 350-ఏ అధికరణ చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించాలని అది చెప్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది మన గూడేలకి చేరడానికి 2004 దాకా పట్టింది. అప్పుడు 240 బడుల్లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. సవర అందులో ఒకటి. గిడుగు వారు చేసిన పనికి దాదాపు నూరేళ్ళ తర్వాత.

పరీక్ష పెట్టి రిపోర్టు ఇస్తే సరిపోతుందా?

దీనికి ప్రపంచంలోనే పేరున్న జవాబు మన ఉమ్మడి రాష్ట్రం నుంచే వచ్చింది. 2005-06లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి పల్లె ప్రాథమిక బడుల్లో పెద్ద అధ్యయనం మొదలెట్టాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని నడిపారు. బడుల్ని లాటరీ తీసినట్టు గుంపులుగా విడగొట్టారు.

ఒక గుంపులో 100 బడులకి ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, పిల్లలకి ఏం వచ్చు, ఏం రాదు అని మాస్టార్లకి వివరంగా రిపోర్టు ఇచ్చారు. దాన్ని ఎలా వాడాలో చెప్పారు. అప్పుడప్పుడు వచ్చి క్లాసు చూసి వెళ్ళారు. ఏడాది ఆఖరికి చూస్తే, ఈ బడుల పిల్లలు ఏ రిపోర్టూ అందని బడుల పిల్లల కంటే మెరుగ్గా ఏమీ లేరు! చూసేవాళ్ళు వచ్చినప్పుడు మాస్టార్లు ఎక్కువ కష్టపడుతూ కనిపించారు, పిల్లల చదువు మాత్రం కదల్లేదు.

ఇంకో 200 బడుల్లో, పిల్లల మార్కులు ఎంత పెరిగితే అంత బోనస్ అన్నారు. 100 బడుల్లో మాస్టారికి విడిగా, 100 బడుల్లో బడి మొత్తానికి. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, మార్కులు ఎన్ని అని చూడలేదు, మొదట ఎక్కడున్నారో అక్కడి నుంచి ఎంత పెరిగారని చూశారు. రెండేళ్ళకి లెక్కల్లోనూ భాషలోనూ ఈ పిల్లలు స్పష్టంగా ముందుకెళ్ళారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. ఈ బడుల్లో రిపోర్టు పనికొచ్చిందన్న మాస్టార్ల పిల్లలు నిజంగానే ఎక్కువ నేర్చుకున్నారు. కాబట్టి రిపోర్టు పనికిరానిది కాదు. దాన్ని వాడాల్సిన అవసరం మాస్టారికి ఉంటే పనికొచ్చింది, లేకపోతే బీరువాలో ఉండిపోయింది.

బోనస్ ఇవ్వమని నేను అనట్లేదు. ఫలితాల గ్రాంటు కథ పైన చూశాం కదా. ఈ రెండిటి మధ్య తేడా పట్టుకోమంటున్నాను. పాత పద్ధతి వెనకున్న పిల్లవాడిని భారంగా చూసింది. ఎదుగుదలని కొలిస్తే, వెనకున్న పిల్లవాడు నేర్చుకున్న ప్రతి అక్షరమూ లెక్కలోకొస్తుంది.

ప్రణాళికలు రాశారు, ఫైల్లో పెట్టారు

మధ్యప్రదేశ్ కథ కూడా తెలుసుకోవాలి. అది కూడా పెద్ద ఆదివాసీ రాష్ట్రం. అక్కడ "శాలా సిద్ధి" పేరుతో బడుల్ని మూల్యాంకనం చేసి, రేటింగులు ఇచ్చి, ఏ బడికి ఆ బడి అభివృద్ధి ప్రణాళిక రాయించారు. అచ్చం ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న పనే. మురళీధరన్, అభిజీత్ సింగ్ పరిశీలించి, బడి నడిచే తీరులో గానీ పిల్లల చదువులో గానీ ఏ మార్పూ రాలేదని చూపించారు. అయినా అది విజయవంతమైన పథకంగా పేరు తెచ్చుకుంది, దేశంలో 6 లక్షలకి పైగా బడులకి విస్తరించింది. కాగితాలు పూర్తయ్యాయి కదా మరి!

ఇక జాతీయ సర్వేలు. 2017 నవంబరు 13న, 2021 నవంబరు 12న నాస్, 2024 డిసెంబరు 4న పరఖ్ సర్వే జరిగాయి. ఇవి శాంపిల్ సర్వేలు. శ్రీకాకుళం జిల్లా ఎలా ఉందో చెప్తాయి. మన గూడెంలో ఏ పిల్ల ఎక్కడ ఆగిందో చెప్పలేవు. వాటిని తిట్టక్కర్లేదు, మన బడి లక్ష్యం వాటిలో వెతక్కూడదు అంతే.

మన చేతిలో ఏముంది?

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది ఆ కమిటీయే. 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన అంటుంది. అంటే లక్ష్యం పెట్టే హక్కు చట్టప్రకారం మన అమ్మానాన్నలది. ఎవరో రాసి తెచ్చిన దానికి వేలిముద్ర వెయ్యడం మాత్రమే వాళ్ళ పని కాదు.

డిగ్రీలు, బీఈడీలు చదివిన మనం కమిటీ మీటింగుకి అమ్మానాన్నల పక్కన కూర్చుని చెయ్యగలిగిన పనులు ఇవి:

1. శాతాలు వద్దు, పేర్లు కావాలి. మూడో తరగతిలో ఐదుగురే ఉంటే ఒక్కరు జ్వరంతో రాకపోయినా ఫలితం 20 శాతం మారిపోతుంది. చిన్న బడిని శాతంతో కొలిస్తే తప్పు లెక్కే. "చదవలేని ముగ్గురు ఎవరు?" అని అడగండి.

2. ప్రతి పిల్లకీ విడిగా, నోటితో పరీక్ష పెట్టించండి. అక్షరం, పదం, వాక్యం, చిన్న కథ. తీసివేత, భాగహారం. ఎక్కడ ఆగిందో అక్కడే రాసుకోండి. తరగతి ఏదైనా సరే.

3. లెక్క తెలుగులో అడిగితే రాకపోతే సవరలో అడగండి. అప్పుడొస్తే లోటు లెక్కల్లో లేదు, భాషలో ఉంది. మందు వేరు.

4. లక్ష్యం చిన్నదిగా, తేదీతో పెట్టండి. "బడి మెరుగుపడాలి" అనేది లక్ష్యం కాదు. "దసరా సెలవుల లోపు ఆ ముగ్గురూ వాక్యం చదవాలి, రోజూ గంటసేపు ఫలానా వారు చెప్పాలి" అనేది లక్ష్యం.

5. మళ్ళీ అదే పరీక్ష పెట్టించండి. ఫలితం కమిటీలో అందరి ముందూ చదవండి. ఎదగకపోతే పిల్లని, మాస్టారిని నిందించకుండా పద్ధతి మార్చండి. నిందకి భయపడితే తర్వాతి సారి దొంగ మార్కులే వస్తాయి.

6. మీటింగులో అనుకున్నది మినిట్స్ పుస్తకంలో రాయించండి. సవర తెలిసిన మాస్టారు కావాలన్నా, వాచకాలు కావాలన్నా ఆ కాగితమే మన ఆధారం.

నూటయాభై ఏళ్ళుగా మన పిల్లల్ని ఎవరెవరో కొలుస్తూనే ఉన్నారు. గిడుగు వారి లాంటి కొద్దిమంది తప్ప, కొలిచిన వాళ్ళు మన భాష నేర్చుకోలేదు. ఇప్పుడు మన భాషా వచ్చి, బడి చదువూ వచ్చిన తరం మనదే. ఈ పని మనం చెయ్యకపోతే ఇంకెవరూ చెయ్యలేరు.

మీ గూడెం బడిలో కమిటీ మీటింగు చివరిసారి ఎప్పుడు జరిగింది? అభివృద్ధి ప్రణాళిక కాగితం మీరెవరైనా కళ్ళారా చూశారా? కామెంట్లో రాయండి. పిల్లల పేర్లు మాత్రం పెట్టకండి. జై ఆదివాసీ.