పరిహారం ఎవరికి దక్కింది? మారిషస్ చెరకు తోటల చరిత్ర

బానిసత్వం రద్దు గురించి మనకు చెప్పిన చరిత్రంతా పుణ్యం కట్టుకున్న దొరల చరిత్రే. పార్లమెంటులో ఎవరు మాట్లాడారు, చట్టం ఎవరు తెచ్చారు అన్న కాడనే అది ఆగిపోతుంది. చెరకు కొట్టిన చేతులకు ఏం దక్కిందని అడగదు. ఆ ప్రశ్నను మేము మారిషస్ దీవి నుంచి అడుగుతున్నాం.

1715లో ఈ దీవిని ఫ్రెంచివాళ్లు స్వాధీనం చేసుకున్నారు. 1735లో గవర్నరుగా వచ్చిన లాబూర్దొనే చెరకు సాగును నిలబెట్టాడు. మడగాస్కర్, మొజాంబిక్‌ల నుంచి, కొంతమేరకు మన కోరమాండల్ తీరం నుంచి కూడా మనుషుల్ని కొని తెచ్చారు. 1723 నాటి బానిస చట్టం మనిషిని చరాస్తి కింద లెక్కగట్టింది. నెలరోజులు పారిపోయినవాడికి చెవులు కోసి, భుజం మీద వాత పెట్టమన్నది. మూడోసారి పారిపోతే మరణశిక్షే. అయినా పారిపోయారు. లె మోర్న్ కొండ వాళ్లకు ఆశ్రయమైంది.

1810లో దీవి బ్రిటిషువాళ్ల చేతికొచ్చింది. 1825లో మారిషస్ పంచదార మీద సుంకాన్ని వెస్టిండీస్ పంచదారతో సమానం చేయగానే అడవులు నరికి చెరకు వేశారు. కొట్టిన చెరకు నిల్వ ఉంటే రసం చెడుతుంది. అందుకే గానుగ ఆగకూడదు, కోతకాలంలో రాత్రీ పగలూ ఉండదు. పంట గుణమే కొరడాకు సాకు అయింది. బానిస వ్యాపారం అప్పటికే నిషిద్ధం, అయినా దొంగచాటుగా సాగింది.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. పరిహారం కింద 20 లక్షల పౌండ్లకు పైగా ముట్టింది. ఎవరికి? యజమానులకు! విడుదలైన సుమారు 66 వేల మందికి పైసా లేదు, సెంటు భూమి లేదు. పైగా 'అప్రెంటిస్' పేరుతో 1839 దాకా పాత యజమాని దగ్గరే జీతం లేని చాకిరీ. ఆ గడువు తీరగానే చాలామంది తోటలు విడిచిపోయారు. తోటల యజమానులు వాళ్లను సోమరులన్నారు. ఈ మాట మన వాడలకు కొత్తదా? కొరడా కింద చేసిన పనికి మళ్లీ పోకపోవడం సోమరితనం కాదు, ఆత్మగౌరవం.

ఆ ఖాళీలోకి మనవాళ్లను దింపారు. 1834లో అట్లాస్ ఓడలో 36 మంది వచ్చారు, అయిదేండ్ల ఒప్పందం, నెలకు 5 రూపాయలు. ఆ తర్వాత లక్షల్లో వచ్చారు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అన్నారు.

అయితే కూలీ, బానిస ఒక్కటే అనడం సరికాదు. కూలీకి ఒప్పంద గడువుంది, కూడబెట్టుకునే సందుంది. 1880ల తర్వాత యజమానులు ముక్కలుగా అమ్మిన భూముల్లో భారతీయులు కొంత కొనుక్కోగలిగారు. బానిసల సంతతి అయిన క్రియోలుల్లో ఎక్కువమందికి ఆ అవకాశం అందలేదు. 2009లో వేసిన సత్య, న్యాయ కమిషన్ 2011 నివేదికలో ఈ భూమి ప్రశ్ననే మళ్లీ ఎత్తవలసి వచ్చింది.

మారిషస్ తెలుగువాళ్ల ఎదుగుదలను ఇక్కడ గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లకంటే ముందు ఆ నేలను సాగుకు తెచ్చినవాళ్ల మాట ఎత్తం. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలసకూలీల రిజిస్టర్లున్నాయి, వాటిలో కులం కూడా రాసి ఉంది. ఓడెక్కినవాళ్లలో మన వాడలవాళ్లెవరో మన విద్యార్థులే వెతకాలి. వెతికేటప్పుడు ఒక్క సంగతి మరవొద్దు: మన కథ మొదలైన తోటలో అంతకు ముందే ఇంకొకరి చెమట, నెత్తురు ఇంకి ఉన్నాయి.